ఎండు కొమ్మ

మా బడి సావనీరుకి ఏదైనా రాసి ఇమ్మని ఈసారి నన్ను కూడా అడిగారు. శనివారం పొద్దున్న రెండో తరగతి పిల్లల చేత గుణింతాలు దిద్దించడం తప్ప నాకు సాహిత్యంతో పెద్ద పరిచయం లేదు. చదివింది ఇంజనీరింగు, చేసేది డేటాబేసుల పని. దేని గురించి రాయను అని తల పట్టుకుని కూర్చుంటే మా ఆవిడ నవ్వి, "మూడేళ్ళ నుంచి మనింటికి భోజనానికి వచ్చిన ప్రతివాళ్ళనీ పెరట్లోకి తీసుకెళ్ళి చెబుతున్నారుగా, అదే రాయండి" అంది. అంటే ఎండు కొమ్మల గురించి. సరే, మీరు మా ఇంటికి ఇంకా భోజనానికి రాలేదు కాబట్టి ఇక్కడే చెబుతాను.

మేము న్యూజెర్సీలో ఇల్లు కొన్నది 2014లో. ఇల్లు మామూలుదే గానీ పెరట్లో కంచె దగ్గర ఒక పెద్ద యాష్ చెట్టు ఉండేది. నేను చేతులు చాచి కౌగిలించుకున్నా వేళ్ళు కలిసేవి కావు. వేసవిలో సగం పెరడు దాని నీడే. ఆ నీడలోనే తర్వాత మా అమ్మాయికి ఉయ్యాల బిగించాం. బేస్‌బాల్ బ్యాట్లు చేసేది చాలాకాలంగా ఈ జాతి కర్రతోనే అని పక్కింటాయన చెప్పాడు. "యాష్ అంటే బూడిద కదా నాన్నా, మరి చెట్టు గ్రీన్‌గా ఉందేంటి?" అని మా అమ్మాయి అడిగేది. నా దగ్గర జవాబు లేదు. మేము ఇల్లు కొన్న ఆ సంవత్సరమే, ఎమరాల్డ్ యాష్ బోరర్ అనే పురుగు న్యూజెర్సీలో మొదటిసారి కనబడిందని, అదీ సోమర్సెట్ కౌంటీలోనే అని నాకు ఎనిమిదేళ్ళ తర్వాత గానీ తెలియలేదు. ఇల్లు కొనేవాడు నేలమాళిగలో తేమ చూస్తాడు, కప్పు వయసు అడుగుతాడు, బడులకి ఎన్ని మార్కులున్నాయో చూస్తాడు. చెట్టు ఆరోగ్యం ఎవరడుగుతారు?

2019 వేసవిలో అమ్మా నాన్నా వచ్చి మా దగ్గర అయిదు నెలలున్నారు. మాది శ్రీకాకుళం జిల్లాలో ఉద్దానం. కొబ్బరి, జీడిమామిడి, పనస తోటల ప్రాంతం. ఉద్యానం అన్న మాటలోంచే ఆ పేరు వచ్చిందంటారు. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. తెల్లారేసరికి తోటలు పడుకున్నాయి. నాన్నవి యాభై రెండు కొబ్బరి చెట్లుంటే పదకొండు మిగిలాయి. పడినవాటిలో మా తాత వేసినవి కొన్ని, నేను పుట్టిన ఏడు వేసినవి కొన్ని. అది జరిగిన ఎనిమిది నెలలకి అమెరికా వచ్చిన మనిషి. కారు దిగి, నీళ్ళు తాగి, పెరట్లోకి వెళ్ళి నిలబడ్డాడు. ఇల్లు ఎలా ఉందో చెబుతాడేమోనని నేను పక్కన నిలబడ్డాను.

"ఒరే, ఈ చెట్టుకి ఏటో అయిందిరా. తల పలచబడిపోనాది చూడు" అన్నాడు.

నేను పైకి చూశాను. నాకు ఆకులు కనిపించాయి. "ఇక్కడి చెట్లు అలాగే ఉంటాయి నాన్నా. మొన్నటిదాకా చలికాలం కదా."

"చలికాలం ఈ ఒక్క చెట్టుకే వచ్చిందేటి? పక్కది పచ్చగా ఉంది గదా."

మర్నాటి నుంచి ఆయన కుర్చీ ఆ చెట్టుకి ఎదురుగా వేసుకుని కూర్చునేవాడు. పై కొమ్మల మీద బెరడు అక్కడక్కడ లేచిపోయి లోపలి లేత రంగు కనబడుతోందని, వడ్రంగి పిట్టలు అదే పనిగా అక్కడే వాలుతున్నాయని చూపించాడు. "పిట్ట ఊరికే కొట్టదురా. లోపల మేత ఉంది." పిట్టల మేతంటే పురుగులని నాకు తట్టడానికి కొంచెం సేపు పట్టింది.

ఆయనకి ఆ అనుమానం రావడానికి కారణం ఉంది. తిత్లీ తర్వాత ఉద్దానంలో రైతులకి పోయిన చెట్ల దుఃఖం ఒకటైతే, పడిన మానుల్ని ఏం చెయ్యాలన్నది ఇంకొకటి. కుళ్ళుతున్న కొబ్బరి మానులోనూ, పెంట కుప్పల్లోనూ కొమ్ము పురుగు గుడ్లు పెడుతుంది. ఎదిగాక రెక్కలొచ్చి బతికున్న చెట్టు మొవ్వులోకి తొలుచుకు పోతుంది. అప్పుడు విచ్చుకున్న కమ్మ కత్తెరతో కోసినట్టు కనబడుతుంది. చచ్చిన చెట్టుని ఊరికే వదిలేస్తే అది బతికున్న చెట్టుని తింటుందని నాన్న అనేవాడు. మిగిలిన పదకొండు చెట్ల కోసం, పడిన నలభై ఒక్క మానుల్నీ ఒక్కటి కూడా తోటలో మిగల్చకుండా తీయించాడు. తీయించడానికి అయిన ఖర్చు నేను పంపించాను. అంతవరకే నాకు తెలుసు.

ఊరికి బయల్దేరే రోజున కూడా ఎయిర్‌పోర్టులో, "ఆ చెట్టు సంగతి ఎవడినైనా పిలిచి చూపించు" అన్నాడు. "చూస్తాను నాన్నా" అన్నాను. ఈ "చూస్తాను" అన్న మాట గురించి మీకు వేరే చెప్పక్కర్లేదు. మా ఆఫీసు భాషలో చెప్పాలంటే ఆ పని జాబితాలో అట్టడుగున చేరింది. తర్వాత 2020 వచ్చింది. ఇంట్లోనే ఆఫీసు, ఇంట్లోనే బడి. నేను పనిచేసుకునే బల్ల కిటికీ పక్కనే. రోజూ ఎనిమిది గంటలు ఆ చెట్టుకి ఎదురుగా కూర్చున్నాను. 2021లో సగం కొమ్మలు ఆకు వెయ్యలేదు. 2022 వసంతంలో దాదాపు ఏదీ వెయ్యలేదు. ఒకాయనని పిలిస్తే ఖరీదు విని, వేసవి సెలవులయ్యాక చూద్దామనుకున్నాను.

2022 జులైలో ఒక సాయంత్రం గాలి లేచింది. పెద్ద తుపానేం కాదు, ఇక్కడ వేసవిలో వారానికోసారి వచ్చే ఉరుముల వానే. మా అమ్మాయికి అప్పుడు ఎనిమిదేళ్ళు. ఉయ్యాల మీద ఉంది. చినుకులు పడుతున్నాయి లోపలికి రమ్మని వాళ్ళమ్మ కేకేస్తే, ఇంకో అయిదు నిమిషాలంది. మళ్ళీ కేకేస్తే వచ్చింది. అది వంటింట్లో చెప్పులు విడుస్తుండగా పెరట్లో తుపాకి పేలినట్టు చప్పుడైంది.

పడిన కొమ్మ నా తొడంత లావు. ఉయ్యాల చట్రం ఇనప గొట్టం. అది మధ్యకి వంగిపోయింది. ఊగే పలక నేలలోకి దిగబడింది. నేను వానలో నిలబడి ఆ పలకనే చూస్తున్నాను. మా ఆవిడ నన్ను ఒక్క మాట కూడా అనలేదు. ఆ రాత్రి నిద్ర పట్టక మూడుసార్లు లేచి పిల్ల గదిలోకి వెళ్ళి చూసొచ్చాను.

నాన్నకి ఈ సంగతి చెప్పకూడదనుకున్నాను. ఆదివారం వాట్సాప్‌లో మాట్లాడుతుంటే మా అమ్మాయి, "తాతా, నా ఉయ్యాల బెండ్ అయిపోయింది, చూస్తావా?" అని ఫోను పట్టుకెళ్ళి చూపించేసింది. తిడతాడనుకుని సిద్ధంగా ఉన్నాను. ఆయన చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. నెట్ పోయిందేమో అనుకున్నాను. తర్వాత, "మిగతా కొమ్మలెలా ఉన్నాయిరా?" అని అడిగాడు. తిట్టి ఉంటే బాగుండేది.

సోమవారం నాడే సర్టిఫికెట్టున్న చెట్ల నిపుణుణ్ణి పిలిపించాను. ఆయన మాను దగ్గరకి వెళ్ళి బెరడు మీద చిన్న కన్నాలు చూపించాడు. కన్నం గుండ్రంగా లేదు, ఇంగ్లీషు అక్షరం డి ఆకారంలో ఉంది, ఒక పక్క సాపుగా. అది ఈ పురుగు సంతకమట. పెద్ద పురుగు పచ్చగా మెరుస్తూ అరంగుళం ఉంటుంది, చూడ్డానికి అందంగానే ఉంటుంది. చెట్టుని చంపేది దాని పిల్ల పురుగు. బెరడు ఊడదీసి చూపిస్తే లోపల పాము పాకినట్టు మెలికలు మెలికలుగా దారులు. ఆకుల్లో తయారైన ఆహారం వేళ్ళకి దిగేది సరిగ్గా ఆ పొరలోంచే. దాన్ని చుట్టూ తొలిచేస్తే చెట్టు రెండు నుంచి అయిదేళ్ళలో ఆకలితో చస్తుంది. ఆసియా నుంచి సరుకుల పెట్టెల చెక్కలో వచ్చి ఉంటుందని శాస్త్రజ్ఞుల అంచనా. ఈ దేశంలో మొదట గుర్తించింది 2002లో మిషిగన్‌లో, డెట్రాయిట్ దగ్గర. అక్కణ్ణుంచి ఎక్కువగా మనుషుల కార్లలో, వంటచెరకుతో పాటే ప్రయాణం చేసింది.

"ముందుగా పిలిచి ఉంటే బతికేదా?" అని అడిగాను. అడగకుండా ఉండాల్సింది. తల మూడో వంతు కూడా పలచబడకముందే అయితే మానులోకి మందు ఇంజక్షను ఇస్తే చాలా చెట్లు నిలబడతాయని, రెండు మూడేళ్ళకోసారి మళ్ళీ ఇస్తూ ఉండాలని ఆయన మామూలుగానే చెప్పాడు. 2019లో నాన్న కుర్చీ వేసుకు కూర్చున్నప్పుడు చెట్టు తల ఎంత పలచబడి ఉందో నేను లెక్క కట్టలేను. ఎందుకంటే అప్పుడు నేను సరిగ్గా చూడలేదు.

కొట్టడానికి 2,800 డాలర్లన్నాడు. అంత ఎందుకంటే, ఎండిన యాష్ కర్ర గాజులా పెళుసెక్కుతుందట. తాడు కట్టుకుని దాని మీదకి ఎక్కడానికి మనిషి ఒప్పుకోడు, బకెట్ ఉన్న లారీ తేవాలి. కొమ్మలూ చెక్కా మాకే వదిలేస్తే నాలుగు వందలు తగ్గిస్తానన్నాడు. నాకేమో అంతా తీసుకుపొమ్మని చెప్పాలనుంది. ఆ చెట్టు ముక్క ఒక్కటి కూడా కంటికి కనబడకూడదనుంది. నాన్నకి ఫోను చేస్తే ఆయన ఒక్కటే మాట అన్నాడు. "డబ్బులిచ్చి మరీ ఎరువుని ఊరవతలకి పంపుతావేటి?"

"కొమ్ము పురుగు అన్నావు కదా నాన్నా, వదిలేస్తే తింటుందని?"

"వదిలీమన్నానా? ముక్కలు చెయ్యమను."

ఆయన చెప్పింది నిజమే. ఈ పురుగుకి బతికున్న బెరడు కావాలి. ఒక అంగుళం కన్నా చిన్న ముక్కలుగా యంత్రంలో కొట్టేస్తే పిల్ల పురుగు బతకదని ఇక్కడి వ్యవసాయ శాఖ వాళ్ళు కూడా చెబుతారు. ప్రమాదమంతా బెరడుతో ఉన్న కట్టెల్ని కారులో వేసుకుని ఊళ్ళు తిరగడంతోనే. మా ఆఫీసులో ఒక మిత్రుడు పెన్సిల్వేనియాలో క్యాంపింగుకి రెండు మోపులు ఇమ్మని అడిగితే ఇవ్వలేదు. కట్టెముక్కల దగ్గర పిసినారితనం ఏమిటని ఆయన ఇప్పటికీ నన్ను ఆటపట్టిస్తాడు.

చెట్టు కొట్టిన రోజు ఆఫీసుకి సెలవు పెట్టి కిటికీలోంచి చూశాం. కొమ్మల్ని యంత్రం నోట్లో పెడితే రెండు సెకన్లలో మాయం. ఆ పని చేసేవాళ్ళు వదులు చొక్కాలూ మెడలో గొలుసులూ వేసుకోరు. ఏ కొసైనా రెమ్మకి చిక్కుకుంటే మనిషిని కూడా అంతే వేగంగా లాగుతుందట. మధ్యాహ్నానికి వాకిట్లో ఎనిమిది క్యూబిక్ యార్డుల చెక్క పేళ్ళ గుట్ట, కంచె పక్కన కొన్ని దుంగలు, చెట్టున్న చోట ఆకాశం.

ఇంజనీరుని కదా, కాగితం తీసి లెక్క వేశాను. మూడంగుళాల మందంలో పరిస్తే ఒక క్యూబిక్ యార్డు 108 చదరపు అడుగులకి వస్తుంది. ఎనిమిదికి 864. పూలమొక్కలకీ కంచె పొడుగునా సరిగ్గా సరిపోతుంది. లెక్కలో వెయ్యనిదల్లా తోపుడు బండిని. ఆరు ఘనపుటడుగుల బండితో ముప్పై ఆరు సార్లు తిరగాలి. పదో సారికి నడుము పట్టేసింది. మిగతావి మా అమ్మాయీ నేనూ రెండు వారాంతాలు చిన్న బకెట్లతో మోశాం. అది ఉయ్యాల ఉన్న చోటికి మాత్రం వచ్చేది కాదు, కొంచెం చుట్టు తిరిగి పోయేది. నేను చూసీ చూడనట్టు ఉన్నాను.

ఇలా నేల మీద దుప్పటిలా పరచడాన్ని ఇక్కడ మల్చ్ అంటారు. ఆంధ్రలో ప్రకృతి వ్యవసాయం చేసేవాళ్ళు ఆచ్ఛాదన అంటున్నారు. నాన్నకి ఆ మాట తెలియదు గానీ పని తెలుసు. కొబ్బరి పాదుల్లో ఎండు కమ్మలు కోసి పరిచేవాడు. కొబ్బరి డొక్కల్ని బోర్లించి పేర్చేవాడు. వేసవిలో వాటిని ఎత్తి చూస్తే కింద మట్టి చల్లగా, తడిగా, నిండా వానపాములు. చిన్నప్పుడు చేపల గాలానికి వానపాములు కావాలంటే మేము వెళ్ళేది అక్కడికే. ఆ ఎండు డొక్క ఎండని ఆపుతోందని, వాన చినుకు మట్టిని కొట్టకుండా ఆపుతోందని, కలుపు గింజకి వెలుతురు అందనివ్వడం లేదని నాకెవరూ చెప్పలేదు. చెప్పినా వినేవాణ్ణి కాదేమో. అప్పుడు నేను ఎంసెట్‌కి చదువుతున్నాను.

వినకపోవడం అలవాటైన మనిషిని కాబట్టి చెక్క పేళ్ళతో కూడా తప్పులు చేశాను. ముందుగా, మిగిలిన పేళ్ళని గోంగూర, వంగ మళ్ళలో మట్టితో బాగా కలిపేశాను. ఎరువన్నాడు కదా అని. నెల తిరిగేసరికి గోంగూర పసుపు రంగుకి వచ్చింది. మా ఆవిడకి గోంగూర విషయంలో హాస్యం నచ్చదు. సంగతేమిటంటే చెక్కలో నత్రజని కన్నా కార్బన్ కొన్ని వందల రెట్లు ఎక్కువ. దాన్ని కుళ్ళబెట్టే సూక్ష్మజీవులకి నత్రజని కావాలి, అవి మట్టిలో ఉన్నదంతా ముందు తామే లాక్కుంటాయి, మొక్కకి మిగల్చవు. పైన పరిస్తే ఆ లావాదేవీ అంతా పై పొరలోనే జరుగుతుంది, వేళ్ళ దాకా రాదు. నాన్న ఈ కెమిస్ట్రీ అంతా ఒక్క ముక్కలో తేల్చేశాడు. "కర్ర మట్టి మీద ఉండాలి గానీ మట్టిలో ఉంటుందేటిరా?" పేళ్ళు ఏరి, కోళ్ళ ఎరువు వేసి, పైన కోసిన గడ్డి పరిస్తే గోంగూర కోలుకుంది.

ఇంకోటి, మీ వీధిలో కూడా చూసే ఉంటారు. చెట్టు మొదలు చుట్టూ మల్చ్‌ని పుట్టలా ఎత్తుగా పోస్తారు. చూడ్డానికి ముచ్చటగా ఉంటుందని నేనూ మా మేపుల్ చెట్టుకి అలాగే పోశాను. ఫొటో తీసి నాన్నకి పంపాను, మెచ్చుకుంటాడని. "ఆ చెట్టు ఊపిరెలా తీస్తుంది?" అని జవాబొచ్చింది. మాను మీది బెరడు గాలికి ఆరుతూ ఉండాల్సింది. రోజూ తడి చెక్క ఆనుకుని ఉంటే మెత్తబడి కుళ్ళుతుంది, ఎలకలు చేరి కొరుకుతాయి. మొదలుకి బెత్తెడు ఎడం ఉంచి పళ్ళెంలా పరచాలి. అదే సాయంత్రం సర్దాను. ఇంటి గోడకి ఆనించి కూడా పోయకండి. చెదల భయం ఒకటి, తడి చెక్క మీద పెరిగే ఒకరకం బూజు నల్లటి చుక్కల్ని తెల్లటి గోడ మీదకి చిమ్ముతుంది. అవి వదలవు. మా గరాజు గోడ మీద ఇప్పటికీ ఉన్నాయి.

యాష్ పోయాక మేపుల్ మీద నాకు భయం పట్టుకుంది. ఏ కొమ్మ ఎండినా వెంటనే తీసేస్తున్నాను. నిచ్చెన ఎక్కాల్సినవి నిపుణులకే. నేల మీద నిలబడి చేతికి అందేవి మాత్రం నావి. ఒకే కోతలో తెగ్గొట్టబోతే కొమ్మ బరువుకి కిందికి వాలుతూ మాను బెరడుని చీల్చుకు పోతుంది. అందుకని ముందు అడుగు దూరంలో కింది వైపు నుంచి చిన్న గాటు, దానికి కొంచెం అవతల పైనుంచి పూర్తి కోత, ఆ బరువు పోయాక మిగిలిన మొండిని కొమ్మ మానుతో కలిసేచోట ఉబ్బెత్తుగా ఉండే మెడకి బయట మూడో కోత. మానుకి సమంగా చెక్కేసి పైన రంగు పూయడం మంచిదని ఒకప్పుడు అనుకునేవారు. అమెరికా అటవీ శాఖలో పనిచేసిన అలెక్స్ షైగో అనే శాస్త్రవేత్త వేల చెట్లని నిలువునా కోసి చూసి అది తప్పని చూపించాడు. చెట్టు గాయం మన గాయంలా మానదట. దెబ్బతిన్న భాగం చుట్టూ లోపల గోడ కట్టుకుని, దాన్ని అలాగే ఉంచి, పక్కనుంచి కొత్తగా పెరుగుతుందట. ఇది చదివిన రోజున నాన్నకి చెప్పాను. "తిత్లీ మానుల్లో చూశాను, నిజమే" అన్నాడు. కొబ్బరికి అలా ఉండదని నాకు తర్వాత తెలిసింది గానీ ఆయనతో వాదించలేదు.

దుంగల్లో ఒకటి వెనక మూల వడ్రంగి పిట్టలకి వదిలేశాం. పుచ్చిన ముక్కల్ని ఎత్తు మళ్ళ అడుగున పూడ్చాం. సన్న కొమ్మలతో బీర పాదుకి పందిరి. కొన్ని కట్టెలు ఆరబెట్టి మర్నాటి సంక్రాంతికి ఇనప కుంపటిలో చిన్న భోగి మంట వేశాం. బాగా ఎండిన యాష్ కర్ర పొగ లేకుండా మండుతుంది.

ఇక బడి సంగతి. ఒక శనివారం గుణింతాలు ఆపి గోనెసంచి నిండా ఈ చెట్టు ముక్కలు క్లాసుకి పట్టుకెళ్ళాను. ఒక్కొక్కటి పైకెత్తి ఇదేమిటని అడిగాను. "స్టిక్." ఇది? "స్మాల్ స్టిక్." ఇది? "బిగ్ స్టిక్." మనకెన్ని మాటలున్నాయో బల్ల మీద పేర్చి చూపించాను. ఆకులున్న చిన్నది రెమ్మ. కొట్టి తెచ్చిన ఆకుల కొమ్మ మండ. ఎండిన సన్నది పుల్ల. పొయ్యిలోకి ఏరుకొచ్చేవి చితుకులు. ముళ్ళున్నది కంప. లావుగా పడున్నది దుంగ. ఆకు రాల్చి నిలబడిపోయింది మోడు. యంత్రంలోంచి వచ్చినవి పేళ్ళు, రంపం కింద రాలింది పొట్టు. పైది బెరడు, నడుమ గట్టిది చేవ. పొట్టిగా మందంగా ఉన్న ముక్క ఎత్తి "దీన్ని మొద్దు అంటారు" అనగానే వెనక వరసలో కుర్రాడు చెయ్యెత్తి, "మా నాన్న నన్ను అదే అంటారు" అన్నాడు. వాళ్ళ నాన్న తలుపు దగ్గరే నిలబడి ఉన్నారు. పాపం, ఆ తర్వాత మూడు వారాలు ఆయన పిల్లాణ్ణి దింపడానికి కారు దిగలేదు.

మాటలన్నీ ఎంతమందికి గుర్తున్నాయో తెలియదు. మా అమ్మాయికి "మోడు" గుర్తుంది. మన పెరట్లో మూడేళ్ళు ఉన్నది అదే కదా నాన్నా అంది.

చెట్టున్న చోటికి కొంచెం పక్కగా ఇప్పుడొక చిన్న ఓక్ మొక్క ఉంది. పేళ్ళు ఏటా సగం మట్టైపోతుంటాయి, వసంతంలో కొత్తవి పరచాలి. మా చెట్టువి అయిపోయాయి. ఊరి యార్డులో ఉచితంగా ఇస్తారు, కారు వెనక టార్పాలిన్ పరిచి తెచ్చుకుంటున్నాం. నాన్నకి అంత దూరం ప్రయాణం ఇంక వద్దని డాక్టరు చెప్పారు. కాబట్టి పెరటి తనిఖీ ఆదివారం ఫోన్లోనే. మొన్న కొత్త పేళ్ళు పరిచాక మా అమ్మాయి ఫోను పట్టుకెళ్ళి ఓక్ దగ్గర నిలబడింది.

"కిందకి పెట్టు అమ్మలూ. ఇంకా కిందకి. మొదలు కనబడ్డం లేదు."

అది ఫోను నాకిచ్చి మోకాళ్ళ మీద కూర్చుంది. నాలుగు వేళ్ళు మాను పక్కన ఆనించి కొలిచి, చుట్టూ పేళ్ళని చేత్తో వెనక్కి లాగింది.

"ఇప్పుడు కనబడిందా తాతా?"

"ఆఁ. ఇప్పుడు కనబడింది."